నూకాలు వాకిట్లో ప్లాస్టిక్ గడ్డి

అనగనగా ఒక అడవి. ఆ అడవి అంచున, ఊరికి సరిగ్గా నూట పది గెంతుల దూరంలో, నూకాలు అనే కుందేలు ఇల్లుండేది. ఇల్లు చిన్నదే కానీ వాకిలి పెద్దది. పన్నెండు గెంతుల పొడవు, నాలుగు గెంతుల వెడల్పు. ఆ వాకిలి నిండా ప్లాస్టిక్ గడ్డి.

దాన్ని ఒక కొండముచ్చు తెచ్చి అమ్మింది. నీళ్ళు పోయక్కర్లేదని, ఎండిపోదని, పందికొక్కు తవ్వలేదని చెప్పింది. మొదటి ఏడాది అందరూ వచ్చి చూసి మెచ్చుకున్నారు. ఆరో ఏడాదికి పచ్చరంగు పోయి బూడిదరంగు మిగిలింది. ఎండ కాస్తే కాళ్ళు కాలేవి. వాన పడితే కంపు కొట్టేది. అయినా నూకాలు సర్దుకుపోయింది.

ఒకరోజు మంత్రసాని తాబేలు వచ్చి నూకాలు పొట్ట తడిమి చూసింది. ఇంకో నలభై రెండు రోజుల్లో పిల్లలు పుడతారని చెప్పింది. నూకాలు సంతోషంతో మూడుసార్లు గెంతబోతే, ఒక్కసారితో ఆపమంది. తర్వాత వాకిలి వైపు చూసి ముఖం ముడుచుకుంది.

"గద్ద వస్తే నీ పిల్లలు గడ్డిలో కదలకుండా పడుకోవాలి. వాళ్ళకి వేరే దారి లేదు. జానెడు ఎత్తు గడ్డి కావాలమ్మా. ఇది నా బొటనవేలంత కూడా లేదు" అంది తాబేలు.

నూకాలు లెక్క వేసుకుంది. గరిక జానెడు పెరగడానికి ఇరవై రోజులు. నలభై రెండులో ఇరవై పోతే ఇరవై రెండు. బోలెడంత సమయం ఉందనుకుంది.

పక్కచెట్టు మీద ఉండే తవుడు అనే ఉడుత ఒక సులువు చెప్పాడు.

"పీకడం ఎందుకక్కా? పైన మట్టి పోసెయ్. ఆ మట్టిలో గరిక నాటెయ్. కింద ఏముందో ఎవడు చూడొచ్చాడు?"

నూకాలుకి ఆ మాట నచ్చింది. రెండు రోజులు మట్టి మోసి, రెండు వేళ్ళ మందాన పరిచి, గరిక నాటింది. ఐదో రోజుకి చిగుళ్ళు వచ్చాయి. నూకాలు అందరినీ పిలిచి బెల్లంముక్కలు పంచింది. ఆ తర్వాతి ఐదు రోజుల్లో చిగుళ్ళన్నీ పసుపురంగుకి తిరిగి ఎండిపోయాయి. వేళ్ళు కిందికి దిగబోతే ప్లాస్టిక్ అడ్డం వచ్చింది మరి. రెండూ ఐదూ ఐదూ, మొత్తం పన్నెండు రోజులు వృథా. ఇంక ముప్పై మిగిలాయి.

అప్పుడు పీకేద్దామనుకుంది. ఏడుగురు స్నేహితులు వచ్చి ఒక అంచు పట్టుకుని లాగారు. మొదటిసారి కదల్లేదు. రెండోసారీ కదల్లేదు. మూడోసారి అంచు చిరిగి, ఏడుగురూ ఒకరి మీద ఒకరు వెల్లకిలా పడ్డారు. కడుపులు నొప్పెట్టేదాకా నవ్వారు. సాయంత్రానికి చూస్తే అరచేతంత ముక్క ఊడింది. ఇరవై తొమ్మిది రోజులు మిగిలాయి.

మర్నాడు పొద్దున్నే నూకాలు పందికొక్కు బైరాగి దగ్గరికి వెళ్ళింది. తవ్వడంలోనూ కొరకడంలోనూ అతన్ని మించినవాళ్ళు ఆ అడవిలో లేరు. అతను దుంప తింటూ తల ఎత్తాడు.

"ఆరేళ్ళుగా నేను కనబడితే చాలు, చీపురు తీసేదానివి కదమ్మా."

"తీశాను మావా, తప్పే. ఇప్పుడు నువ్వు రాకపోతే నా పిల్లల్ని గద్ద ఎత్తుకుపోతుంది."

బైరాగి సగం దుంప పక్కన పెట్టి లేచాడు. "అయితే ఆ చీపురే పట్టుకురా. ముందు నువ్వు పోసిన మట్టి ఊడవాలి."

మట్టి ఊడవడానికి ఒక రోజంతా పట్టింది. తర్వాత బైరాగి ఒక మూల ఎత్తి, గడ్డి వెనకవైపు చూపించాడు. పైనుంచి కొరికితే నోటినిండా పీచే వస్తుందని, వెనకనుంచి కొరికితే గీత గీసినట్టు తెగుతుందని చెప్పాడు. గెంతుకి ఒక ముక్క చొప్పున పన్నెండు ముక్కలు. రోజుకి మూడు. నాలుగు రోజుల్లో పని పూర్తయింది. గడ్డిని నేలకి బిగించిన మేకులన్నీ తవుడు ఏరాడు. ముక్కల్ని చాపల్లా చుట్టి గాడిద మీద ఊళ్ళోని పాతసామాన్ల కొట్టుకి పంపారు.

కింద నేల రాయిలా ఉంది. బైరాగి రెండు రోజులు దాన్ని గుల్ల చేశాడు. ఎవరూ తిట్టకుండా తవ్వడం తన జీవితంలో ఇదే మొదటిసారని మురిసిపోయాడు. గరిక నాటేనాటికి సరిగ్గా ఇరవై రెండు రోజులు మిగిలాయి. రెండు రోజులు అటూ ఇటూ అయినా పరవాలేదు. ఆ వారమే వాన కూడా పడింది.

నలభై రెండో రోజున ముగ్గురు పిల్లలు పుట్టారు. వారం తిరక్కుండానే గద్ద వచ్చింది. వాకిలి మీద ఒక చుట్టు తిరిగింది. రెండో చుట్టు తిరిగింది. మూడో చుట్టు తిరిగింది. ఊగే గరిక తప్ప ఏమీ కనబడక వెళ్ళిపోయింది.

అది పోగానే నూకాలు పరుగెత్తుకొచ్చింది. మొదటి పిల్ల గడప దగ్గరే దొరికింది. రెండోది దాని వెనకే ఉంది. మూడోవాడు కనబడలేదు. పన్నెండు నాలుగులు నలభై ఎనిమిది. గెంతు గెంతుకీ ఆగి, గడ్డి పాయలు తీసి వెతికింది. నలభై ఏడో గెంతు దగ్గర రెండు కళ్ళు మిలమిల మెరిశాయి.

"కన్నతల్లికే ఇంతసేపు పట్టిందంటే గద్దకేం దొరుకుతాడులే" అన్నాడు బైరాగి.

నూకాలు గడ్డిలోనే కూలబడి, నవ్వుతూ కళ్ళు తుడుచుకుంది. పిల్లాడు గరికపోచ నములుతూ, ఇంకోసారి దాక్కోనా అమ్మా అని అడిగాడు.

నీతి: చెడిపోయినదాన్ని కప్పిపెడితే పని రెండింతలవుతుంది; దాన్ని తీసేస్తేనే కొత్తది వేళ్ళూనుకుంటుంది.