మొండి రిలే

సువార్త తన చేత్తో రాగి తీగ చుట్టి బాగుచేసిన మొదటి మోటారు అది. బసవపున్నయ్య మనుషులు దాన్ని కారం మరకు బిగించాక ఆమే బటన్ నొక్కింది. హాయిగా తిరిగింది. కాసేపటికి ఆగిపోయింది. మళ్లీ నొక్కింది. మళ్లీ తిరిగి, మళ్లీ ఆగింది.

మిరపకాయల బస్తాలకు ఆనుకుని కూర్చున్న జనం ఒకళ్ల మొహాలొకళ్లు చూసుకున్నారు.

మర యజమాని బసవపున్నయ్య తువ్వాలు దులిపాడు. "అనుకున్నాలే! ఆడపిల్ల చుట్టిన మోటారు కదా, గారాలు పోతోంది."

జనం నవ్వారు. ఆ నవ్వు సువార్తకు కారం కంటే ఘాటుగా తగిలింది.

లోపం తన చుట్టులో లేదు. ఆపుతున్నది స్టార్టర్ పెట్టెలోని రిలే. లోడు ఎక్కువై మోటారు తన శక్తికి మించి కరెంటు లాగితే చాలు, అది వేడెక్కి ట్రిప్పవుతుంది, లైను తెంపేస్తుంది. 'నీ పని చెప్తానుండు' అనుకుంది. మెయిన్ దించి, రిలేను తప్పించి, ముక్క వైరు కలిపేసింది.

ఈసారి మర ఆగలేదు. సువార్త నడుం మీద చేతులేసుకుని బసవపున్నయ్య వంక చూసింది. ఆయన చూపు తిప్పుకున్నాడు.

శిష్యురాలి మొదటి మోటారు చూద్దామని అప్పుడే వచ్చాడు, ఆమెకు పని నేర్పిన కాలేషా ఉస్తాద్. గుమ్మంలోనే నిలబడి ముక్కు ఎగబీల్చాడు. అంత కారం ఘాటులోనూ ఆయనకు మోటారు తీగలకు పూసిన వార్నిష్ కాగుతున్న వాసన తెలిసిపోయింది. తెరిచి ఉన్న స్టార్టర్ పెట్టెలోకి తొంగి చూశాడు.

"రిలే ఏదమ్మా?"

"తప్పించాను ఉస్తాద్. అస్తమానం పని ఆపుతోంది. చెప్పిన మాట విననిది మనకెందుకు?"

"ఇలా రా బేటీ."

ఆయన ఆమె అరచెయ్యి పట్టుకుని మోటారు ఒంటి మీద ఆనించాడు. "నేను చెప్పేదాకా తియ్యొద్దు."

సువార్త చటుక్కున చెయ్యి లాగేసుకుంది.

"తియ్యొద్దన్నానే?"

"కాలుతుంటే మీరన్నారని ఉంచుతానా?" ఆమె గొంతు లేచింది. "మీరు కాదు, ప్రభువే దిగొచ్చి చెప్పినా ఉంచను!"

ఉస్తాద్ స్టార్టర్ పెట్టె వంక చూశాడంతే.

సువార్త కాలిన తన అరచేతినీ, ఆ పెట్టెనీ మార్చి మార్చి చూసింది. వెళ్లి మెయిన్ దించింది. ముక్క వైరు పీకి పారేసి, రిలేను మళ్లీ కలిపింది. తర్వాత మోటారు చుట్టూ తిరిగి, వంగి, నీకేం కష్టమొచ్చిందని అడుగుతున్నట్టు పట్టి పట్టి చూసింది. ఇరుసు దగ్గర ఆగిపోయింది. బెల్టు తిప్పే పుల్లీ కొత్తది. పాతదానికంటే బాగా పెద్దది.

"ఇది ఎవరు మార్చారు?"

"నేనే," అన్నాడు బసవపున్నయ్య. "పెద్దదేస్తే మర జోరుగా తిరుగుతుంది కదా."

"తిరుగుతుంది. ఆ జోరంతా మోసేది మోటారు. పాతది వెయ్యండి."

"మర నాది, కరెంటు నాది. మధ్యలో నువ్వెవరు?"

"మోటారు చుట్టినదాన్ని." సువార్త స్టార్టర్ పెట్టె మూసి, దానికి వీపు ఆనించి నిలబడింది. "పాత పుల్లీ వేసేదాకా ఈ బటన్ మీద ఎవరి చెయ్యీ పడనివ్వను. ఎంతసేపు అరుస్తారో అరవండి."

"వెయ్యరాదూ పున్నయ్యా," అంది బస్తాల మధ్య నుంచి ఓ ముసలమ్మ. "నా కాయలు ఇక్కడే మొలకెత్తేట్టున్నాయి."

ఈసారి జనం నవ్వింది ఆయన్ని చూసి. బసవపున్నయ్య మొహం కందగడ్డయింది.

"ఏవయ్యా కాలేషా! నీ శిష్యురాలు నా మరలోనే నాకెదురు తిరుగుతోంది, కనపడట్లా? కాస్త బుద్ధి చెప్పు!"

ఉస్తాద్ ఖాళీ గోనెసంచి ఒకటి పరుచుకుని తీరిగ్గా కూర్చున్నాడు.

"ట్రిప్పయింది పున్నయ్య గారూ," అన్నాడు. "లోడు తగ్గించండి."