చెవికొండ ఊట

యూదా దేశపు దక్షిణాన, మేకలు తప్ప మరేవీ ఇష్టపడి ఎక్కని ఎండు కొండల నడుమ చెవికొండ ఉంది. చూడడానికి నేలకు చెంప ఆనించి పడుకున్న మనిషి తలలా ఉంటుంది. ఆ చెంప కింద సన్నని ఊట పారుతుంది. ఇక్కడికి వచ్చినవారు కోరికలు కోరరు. తమకు తెలియనిది ఏదో ఒకటి రాతి చెవిలో చెప్పి, ఆ తరువాతే దోసిలి పడతారు.

పూర్వం ఇక్కడ అజ్మోను అనే మహాకాయుడు ఉండేవాడు. ఆకాశం నుంచి దిగివచ్చిన దూతలకూ భూలోక స్త్రీలకూ పుట్టిన జాతి అది. ఇనుము కరిగించడం, చుక్కలను చదవడం తండ్రులే నేర్పారు కాబట్టి తమకు తెలియనిది లేదనుకునేవారు. ఒక ఏడు ఊట అడుగంటింది. అజ్మోను బండను పిడికిలితో గుద్దాడు. రాయి పగిలిందే గాని చెమ్మయినా కనబడలేదు. ఊరంతా మూటలు కట్టుకుంది. మేకలు కాసే మిల్కా మాత్రం కదల్లేదు. మంచం పట్టిన ఆమె తల్లి ఆ ప్రయాణానికి తట్టుకోదు.

“అయ్యా, నీళ్ళెక్కడున్నాయో తెలుసా?” అని అడిగింది మిల్కా.

“నాకు తెలియనిదేముంది?”

“తెలిస్తే ఈ గుద్దుడేమిటి? మా మేకలు బెదిరి పాలివ్వడం మానేశాయి.”

అజ్మోను ఉడుక్కుని, ఆ కోపంతోనే కునుకు తీశాడు. కలలో ఒక స్త్రీ కనిపించింది. దేవుడు లోకాన్ని చేసిననాడు ఆయన పక్కనే ఉన్న దైవజ్ఞానమే ఆమె. “నీకు తెలిసినవన్నీ విన్నాను. తెలియనిది ఒక్కటి చెప్పు, అక్కడ నాకు చోటుంటుంది” అన్నది.

మేలుకున్నాక అతడు మిల్కా దగ్గరకు వెళ్ళాడు. “నీళ్ళెక్కడున్నాయో నాకు తెలియదు” అన్నాడు. అంత మెల్లగా అతడు మాట్లాడడం ఎవరూ ఎరుగరు.

“అయితే పడుకుని విను. మాకు తెలియనప్పుడు మేమదే చేస్తాం” అన్నది మిల్కా.

అతడు నేలకు చెవి ఆనించాడు. లోపలెక్కడో నీరు కదులుతోంది. అతడు చూపిన చోట మిల్కా మేకకొమ్ముతో తవ్వింది. ఊట పైకి వచ్చింది. అంతలో అతడు పగలగొట్టిన బండే పైనుంచి ఒరిగింది. అజ్మోను పడుకున్నచోటే భుజం అడ్డుపెట్టాడు.

“లే, లేచి తాగు!” అన్నది మిల్కా.

“లేస్తే ఇది ఊట మీద పడుతుంది. ముందు మీ అమ్మకు పట్టుకెళ్ళు.”

తల్లికి తాగించి వచ్చి, మిల్కా అతని నోట్లో దోసిలితో నీళ్ళు పోసింది. తరువాతెప్పుడో వచ్చిన జలప్రళయంలో ఆ జాతివారంతా కొట్టుకుపోయారు. ఊటను కాస్తూ ఇతడొక్కడే రాయై మిగిలాడు.

నేటికీ తొలి దోసిలి ఎవరూ తాగరు, రాతి పెదవుల మీద పోస్తారు. మొన్నామధ్య ఒక పెళ్ళికొడుకు, తనకు తెలియనిది ఎంతకీ గుర్తురావడం లేదన్నాడు. “నేను చెప్పనా?” అన్నది పెళ్ళికూతురు. ఊట దగ్గర కూర్చునే జెరూషా అవ్వ, “నీది నువ్వు చెప్పుకో తల్లీ! అబ్బాయి దాహమే అతని చేత చెప్పిస్తుంది” అన్నది. ఎండ తిరిగేవేళకు అతడు వంగి, రాతి చెవిలో ఏదో చెప్పి, కడుపునిండా తాగాడు.

అలా చెప్పుకున్నవారి ఇంటికి దైవజ్ఞానం తానే నడిచి వస్తుందని ఇక్కడివారి నమ్మకం. ఎవరెంత మెల్లగా చెప్పినా ఫరవాలేదు. అజ్మోను ఇంకా వింటూనే ఉన్నాడు.