తిప్పన ఊ కొట్టిన కథ

ఏటిగడ్డ రాజ్యం ఎక్కడుందని మాత్రం నన్నడగకండి. దాన్నేలిన మల్లభూపతి సంగతి చెప్తా, వినండి. ఆయన మంచివాడే గానీ, ఏది మొదలుపెట్టినా తనంతటివాడు లేడనిపించుకోవాలి. ఆ పిచ్చి ఒకనాడు మృదంగం మీదికి మళ్లింది.

కూర్మయ్య గారనే ముసలి విద్వాంసుడు ఆయనకు పాఠం చెప్పేవారు. రాజు కష్టపడ్డాడు, కాదనకూడదు. వేళ్లు బొబ్బలెక్కినా సాధన మానలేదు. ఎంత వేగంలో వాయించినా ఒక్క దెబ్బ తప్పేది కాదు.

వసంతోత్సవంలో అలివేలమ్మ అనే గాయని పాటకు రాజే మృదంగం పట్టాడు. తప్పిపోయిన బిడ్డను తల్లి పిలిచే పాట అది. పాడుతూ పాడుతూ ఒక మాట దగ్గర ఆమె గొంతు వణికి ఆగింది. ఇదే సందని రాజు తన విద్యంతా అక్కడ కుమ్మరించాడు. ఇక తల్లేమైందో, బిడ్డేమైందో ఎవరికీ తెలియలేదు. సభంతా మాత్రం చప్పట్లు కొట్టింది. కొట్టక చస్తారా, రాజాయె.

కూర్మయ్య గారొక్కరే ఊరుకున్నారు. ఎలా ఉందని రాజు గుచ్చి గుచ్చి అడిగాడు.

"చెయ్యి వచ్చింది ప్రభూ. చెవి ఇంకా రావాలి" అన్నారాయన.

రాజు అగ్గి మీద గుగ్గిలమయ్యాడు. పౌర్ణమి లోపల రాజ్యం విడిచి పొమ్మన్నాడు. మంచం పట్టిన భార్యను తీసుకుని ఆ వయసులో ఎక్కడికి పోతారు, పాపం? తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్లు మండుతుంది.

ఆస్థానంలో తిప్పన అని ఒక మాటకారి ఉన్నాడు. అతను గురువు తరఫున ఒక్క ముక్క మాట్లాడలేదు. ఆ సాయంత్రం రాజు దగ్గర చేరి, మాటల్లో పెట్టి, రాజమాత చివరి రోజుల గురించి అడిగాడు. తల్లంటే రాజుకు ప్రాణం. చెప్తాను, ఊ కొట్టమన్నాడు. ఎంత రాజైనా, వినేవాడు ఊ కొట్టకపోతే చెప్పేవాడికి మాట సాగదు కదా.

రాజు మొదలుపెట్టాడు. తిప్పన తొడ మీద తాళం వేసుకుంటూ దెబ్బకొక ఊ కొట్టాడు. కాసేపటికి దెబ్బకు రెండు, ఆ తర్వాత నాలుగు. రాజు ఓర్చుకున్నాడు. తాను యుద్ధం నుంచి వచ్చేసరికి తల్లికి చూపు పోయిందనీ, తన మొహం చేత్తో తడిమి గుర్తుపట్టిందనీ చెప్తుంటే ఆయన గొంతు పూడుకుపోయింది. సరిగ్గా అక్కడ తిప్పన ఊపిరి తిప్పుకోకుండా, కచేరీ ముగించినంత ఆర్భాటంగా, ఊ మీద ఊ వాయించేశాడు.

రాజు లేచి నిలబడ్డాడు. "మా అమ్మ గురించి చెప్తుంటే వెక్కిరిస్తున్నావా?"

"ఎంతమాట ప్రభూ. తాళం ఎక్కడైనా తప్పానా?"

"తాళమెవడిక్కావాలి? ఊ కొట్టేవాడు ముందు వినాలి. నా గొంతు ఆగినచోట నువ్వూ ఆగాలి."

తిప్పన చేతులు కట్టుకున్నాడు. "కూర్మయ్య గారు చెప్పిందీ అదే ప్రభూ. ఇందాక సభలో అలివేలమ్మ గారి గొంతు కూడా ఇలాగే ఆగింది."

రాజు కళ్లు తుడుచుకుని, తన తెలివికి తానే పకపకా నవ్వాడు. అప్పటికప్పుడు కూర్మయ్య గారింటికి వెళ్లి, కట్టిన మూటలు విప్పించి, క్షమించమని అడిగాడు. అంతటివాడు అడిగాడంటే మెచ్చుకోవాలి.

మర్నాడు సభలో రాజు తిప్పన చేతికి బంగారు కడియం తొడిగాడు. తీసుకుని ఊరుకుంటేనా? మనసు పెట్టి వింటే చాలు, మృదంగం ఎవరికైనా వచ్చేస్తుందన్నాడు తిప్పన. అయితే కానిమ్మని రాజు మృదంగం అతని ముందు పెట్టించాడు. అలివేలమ్మ పాట ఎత్తుకుంది. తిప్పన కళ్లు మూసుకుని, తల ఊపుతూ, కరిగిపోతూ వాయించాడు. ఎవరో తలుపు తట్టినట్టుంది. అలివేలమ్మ నవ్వొచ్చి పాడలేక కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

రాజు కడుపు పట్టుకుని నవ్వాడు. "మనసుంది గానీ నీకు చెయ్యి లేదోయ్. రేపట్నుంచి నాతోపాటు నువ్వూ పాఠానికి రా. నీకు అసలు బహుమానం అదే."

తెల్లారి కూర్మయ్య గారు ఇద్దరినీ ఒకే చాప మీద కూర్చోబెట్టి, మొట్టమొదటి పాఠం ఎత్తుకున్నారు. ఇది నాకు వచ్చు అనబోయిన రాజు, నోరు మూసుకుని విన్నాడు.