లాకు మీద బొమ్మల నక్షత్రం

అనగనగా ఒక ఊళ్ళో... ఊరంటే పెద్ద ఊరేం కాదులే, గోదావరి కాలవ మీద ఒక లాకు, దాని పక్కన నాలుగిళ్ళు. అందులో ఒక ఇంట్లో కెజియా అని పదేళ్ళ పిల్ల ఉండేది. వాళ్ళ నాన్న జకరయ్య ఆ లాకు దగ్గర లస్కరు. అంటే పడవలు వచ్చినప్పుడు లాకు తలుపులు తీసి మూసే మనిషి.

లాకంటే ఏమిటో చెప్తాను, అటు తిరిగి పడుకోకుండా విను. కాలవలో ఒక పక్క నీళ్ళు కిందికి ఉంటాయి, ఇంకో పక్క పైకి ఉంటాయి. పడవ మెట్లెక్కలేదు కదా. అందుకని రెండు గోడల మధ్య ఒక పెద్ద తొట్టిలాగా కడతారు. పడవ కింద నుంచి అందులోకి వస్తుంది. అప్పుడు వెనక తలుపులు మూస్తారు. ఆ తర్వాత ముందున్న తూము తిప్పి నీళ్ళు వదులుతారు. నీళ్ళు లేస్తాయి, వాటితో పాటు పడవా లేస్తుంది. పై కాలవతో సమానం కాగానే ముందు తలుపులు తీస్తారు. దీనికంతకీ పావుగంట పడుతుంది. మన కథంతా ఆ పావుగంటలోనే ఉంది.

ఆ కాలవలో రోజూ ఒక లాంచి తిరిగేది. దాన్ని నడిపే సరంగు పేరు నూకరాజు. పెద్ద మీసాలు, పెద్ద గొంతు, చదువు మాత్రం సున్నా. అతని దగ్గర ఒక పాత బొమ్మల కథల పుస్తకం ఉండేది. క్రిస్మస్ ప్రత్యేక సంచిక. లోపల మూడు కథలు. మూడో కథలో పడవ బొమ్మ కనిపించిందని, పాత కాయితాలవాడి దగ్గర కొనుక్కున్నాడు.

ఏడాదంతా దాన్ని మైనం గుడ్డలో చుట్టి లాంచిలో పెట్టెలో దాచేవాడు. క్రిస్మస్ ముందురోజు సాయంత్రం లాంచి లాకులోకి రాగానే బయటికి తీసేవాడు. ఆ పండక్కే ఆ కథలు వినాలని అతని పట్టు. అప్పుడు కెజియా గోడ మెట్లు దిగి లాంచిలోకి వెళ్ళేది. నీళ్ళు లేచేంత సేపూ అతని పక్కన కూర్చుని, బొమ్మల మీద వేలు పెట్టి చదివి వినిపించేది.

మొదటి ఏడు మొదటి కథ చదివింది. క్రిస్మస్ తాత చిక్కిపోయాడు, ఎర్రకోటు వదులైపోయింది. అప్పుడు ఒక దర్జీ ఆ కోటు బిగించి కుట్టి, మిగిలిన గుడ్డతో పేటలో పిల్లలందరికీ టోపీలు కుట్టాడు. నూకరాజు నవ్విన నవ్వుకి లాంచి ఊగిందట.

రెండో ఏడు రెండో కథ చదివింది. చర్చిలో పశువుల పాక కట్టి గడ్డి పరిస్తే, ఒక మేక వచ్చి గడ్డంతా తినేసింది. ఆ తర్వాత జనం తలా కాస్త తమ దిండ్లలో దూది తెచ్చి పరిచారు. ఆ పండక్కి బాలయేసు మెత్తగా పడుకున్నాడు, ఊరంతా దిండు లేకుండా పడుకుంది. నూకరాజుకి ఆ మేక బాగా నచ్చింది.

మూడో ఏడు మూడో కథ మొదలుపెట్టింది. అదీ అసలు కథ. సముద్రంలో ఒక లంక, లంకలో చర్చి, చర్చికి గంట లేదు. క్రిస్మస్ నాటికి గంట చేర్చాలి. పొగమంచని పెద్ద పడవలన్నీ మొహం తిప్పుకున్నాయి. అప్పుడు చెక్కలూడిపోయిన ఒక ముసలి పడవ, నేను తీసుకెళ్తానంది. గంట బరువు, పడవ పాతది. సగం దూరం వెళ్ళి ఇసుక మేటలో కూరుకుపోయింది.

సరిగ్గా అక్కడికి వచ్చేసరికి లాకు నిండిపోయింది. ముందు తలుపులు తెరుచుకున్నాయి, జనం పద పదమన్నారు.

"నేను నోటితో చెప్పేస్తాను తాతా," అంది కెజియా.

"వద్దమ్మాయ్. బొమ్మ చూడకపోతే నాకు కథ బుర్రకెక్కదు. వచ్చే ఏడు చూసుకుందాంలే," అన్నాడు నూకరాజు.

ఆ వచ్చే ఏడు రానే వచ్చింది. కానీ ఈలోగా కాలవ గట్టున తారు రోడ్డు పడింది, బస్సులొచ్చాయి. లాంచి ఎక్కేవాళ్ళు తగ్గిపోయారు. క్రిస్మస్ ముందురోజు సాయంత్రం తిరిగేదే ఆఖరి ట్రిప్పన్నారు. ఆ తర్వాత లాంచిని పైరేవులో గట్టు మీదికి లాగి పడేస్తారట.

నాలుగు రోజుల ముందే నూకరాజు పుస్తకం తెచ్చి కెజియా చేతిలో పెట్టాడు. "ఈసారి తడుముకోకుండా చదవాలి అమ్మాయ్. ఆ ముసలి పడవని చివరికి ఏం చేశారో తెలియకుండా నేను లాంచి దిగలేను," అన్నాడు. ఎప్పుడూ పెద్దగా మాట్లాడే మనిషి, ఆ మాట మెల్లిగా అన్నాడు. అతను ఏ పడవ గురించి అడుగుతున్నాడో కెజియాకి అర్థమైంది.

ఇంట్లో ఎలకలు. అందుకని ఆ పిల్ల పుస్తకాన్ని అటక మీద మూతబుట్టలో దాచింది. ఆ బుట్ట దేనికో తెలుసా? ఏటా నక్షత్రానికి అంటించే రంగు కాయితాలు దాచుకునే బుట్ట. దాచినప్పుడు ఆ సంగతి ఆ పిల్లకి తట్టనే లేదు. తెలివైనవాళ్ళ దాపులన్నీ ఇలాగే ఉంటాయి, నీ చాక్లెట్ల డబ్బా మాదిరి.

పండగ ముందురోజు కెజియా, వాళ్ళమ్మ చర్చి అలంకరించడానికి వెళ్ళారు. ఇంట్లో జకరయ్య వెదురు బద్దలతో మనిషంత నక్షత్రం కట్టాడు. కాయితాలు చాలలేదు. కొట్లో అయిపోయాయి. అప్పుడు బుట్ట అడుగున చూస్తే రంగురంగుల బొమ్మల పుస్తకం కనిపించింది. పాతది, అట్ట కూడా లేదు. ఎప్పుడో చదివేసిన పుస్తకం, నక్షత్రానికని అమ్మాయే దాచింది కాబోలు అనుకున్నాడు. పాపం, అతనికీ చదువు రాదు, ఎప్పుడూ పైన తూము దగ్గరుండే మనిషి, సరంగు పుస్తకాన్ని దగ్గర్నుంచి చూడనే లేదు. పిండి జిగురు ఉడికించి, దర్జీనీ మేకనీ వెనక వైపు అంటించాడు. పడవ బొమ్మలు మాత్రం ముందు వైపు, కింద నుంచి పైకి, వరస తప్పకుండా అంటించాడు. లాకు మనిషి కదా, పడవంటే అతనికి అంత మురిపెం.

కెజియా వచ్చి చూసింది. ముసలి పడవ బొమ్మ మీద వేలు పెట్టింది. "నాన్నా, అది సరంగు తాతది," అంది.

జకరయ్య మొహం తెల్లబోయింది. గోటితో ఒక కాయితం పీకబోతే చిరిగింది. "వద్దు నాన్నా," అని చెయ్యి పట్టుకుంది. కాయితానికి రెండు వైపులా బొమ్మలుంటాయి కదా. ఒక వైపువి బయటికి కనిపిస్తున్నాయి, రెండో వైపువి లోపలికి వెళ్ళిపోయాయి. సగం కథ పోయిందని ఆ పిల్ల మెట్టు మీద కూర్చుని ఏడ్చింది. తండ్రి కూడా పక్కనే కూర్చున్నాడు.

పొద్దు వాలింది. ఎక్కడ ఊడదీయాలో చూద్దామని జకరయ్య లాంతరు వెలిగించి నక్షత్రం లోపల పెట్టాడు. అప్పుడు లోపలి బొమ్మలు కూడా వెలుగుకి బయటికి తేలాయి. తిరగబడి, కాస్త మసగ్గా, అయినా తేలాయి. కెజియా కళ్ళు తుడుచుకుని లేచింది. "నాన్నా, దీన్ని లాకు గోడ మీద కడదాం," అంది.

కట్టడం అయ్యేసరికి లాంచి వచ్చింది. లాకు అడుగున ఆగింది, వెనక తలుపులు మూసుకున్నాయి. కెజియా మెట్లు దిగి నూకరాజు ముందు నిలబడి జరిగింది జరిగినట్టు చెప్పింది. ఒక్క ముక్క దాచలేదు. నూకరాజు తలెత్తి పైన వెలుగుతున్న నక్షత్రాన్ని చూశాడు.

"సరే, మొదలుపెట్టు," అన్నాడు.

పైన జకరయ్య తూము తిప్పాడు. రోజూ తిప్పినట్టు కాదు, పావు వంతే తిప్పాడు. నీళ్ళు నెమ్మదిగా లేచాయి. లాంచి గుమస్తా కింద నుంచి, "ఆలస్యమవుతోంది జకరయ్యా," అని కేకేశాడు.

"తూము బిగుసుకుందండి, ఏం చెయ్యను," అన్నాడు జకరయ్య. ఎన్నడూ అబద్ధమాడని మనిషి. లాంచిలో అందరికీ సంగతి తెలిసిపోయింది, ఈసారి ఒక్కరూ పద పదమనలేదు. గుమస్తా కూడా గడియారం జేబులో పెట్టేసుకున్నాడు.

లాంచి జానెడు లేచింది, పెద్ద పడవలు మొహం తిప్పుకున్న బొమ్మ కళ్ళకందింది. మూరెడు లేచింది, ముసలి పడవ బయల్దేరింది. నిలువెత్తు లేచింది, ఇసుక మేట వచ్చింది. కెజియా వెదురుబద్దతో ఒక్కో బొమ్మా చూపిస్తూ చెప్పింది. ఆ తర్వాత లంక పిల్లలు గంట మోగలేదేమిటని లాంతర్లు పట్టుకుని నీళ్ళలోకి దిగారు. గంటని భుజాల మీదికి ఎత్తుకున్నారు. బరువు దిగేసరికి ముసలి పడవ తేలింది.

"ఆ తర్వాత?" అన్నాడు నూకరాజు.

లాంచి పైకంటా వచ్చింది. నక్షత్రం పై కొన సరిగ్గా అతని కళ్ళ ఎదురుగా ఉంది. అందులో ఆఖరి బొమ్మ. లంకవాళ్ళు గంటని చర్చికి కట్టలేదు. పడవని ఒడ్డుకి చేర్చి, దాని తెరచాప కొయ్యకే గంట కట్టారు. ఏటా క్రిస్మస్‌కి లంకంతా దాని దగ్గరికే వచ్చి గంట మోగించేవాళ్ళట.

నూకరాజు తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. "నాలుగేళ్ళు నాకోసం చదివావు తల్లీ. నువ్వు లేకపోతే ఇది నాకు ఉత్త కాయితాల కట్ట," అన్నాడు. ఆ తర్వాత పైకి చూసి జకరయ్యకి దణ్ణం పెట్టాడు. జకరయ్య ఇంకా తూము చక్రం పట్టుకునే ఉన్నాడు. ఆ చేతులు చూస్తుంటే, ఇలాంటి నాన్నని ఇచ్చినందుకు కెజియా దేవుడికి మనసులోనే దణ్ణం పెట్టుకుంది.

అప్పుడు నక్షత్రాన్ని విప్పి లాంచి ముందు కట్టారు. లాంచి దాని వెలుగులోనే ఆఖరిసారి పై కాలవలోకి వెళ్ళింది.

అక్కడితో అయిపోయిందనుకున్నావా? మరుసటేడు పండగ ముందురోజు కెజియా, జకరయ్య కొత్త నక్షత్రం పట్టుకుని బస్సెక్కి పైరేవుకి వెళ్ళారు. గట్టు మీద లాంచి ఉంది. లాంచి మీద నూకరాజు ఉన్నాడు. ఆ పాత నక్షత్రం కాయితాలు ఒక్కొక్కటే తడిపి ఊడదీసి, ఎండబెట్టి, వరసగా కుట్టి పెట్టాడు. మొదటి కథ నుంచి చదవమన్నాడు. కెజియా మూడు కథలూ నిదానంగా చదివింది. అక్కడ నీళ్ళు లేవవు, తలుపులు తెరుచుకోవు, పద పదమనేవాళ్ళు లేరు. ఆ తర్వాత ఏటా అలాగే వెళ్ళారు.

లాంచి చేరె రేవుకి,
చుక్క చేరె నావకి,
కథ చేరె కంచికి,
కునుకు చేరె కంటికి.