సింగమ్మ గోడ మీది వైద్యం

మందుల సింగమ్మ రోజుకొక వైద్యాన్ని తన మట్టిగోడ మీద సున్నంతో రాసి ఉంచేది. ఎవరైనా చదువుకుని బాగుపడవచ్చు. ఆస్థాన వైద్యుడు కేదారభట్టు మాత్రం లేఖకులను పంపి అవన్నీ ఎత్తిరాయించి, తన గ్రంథమని చాటుకున్నాడు. ఆ కాలపు లేఖకులు పొల్లు కూడా వదలరు, అర్థం జోలికి మాత్రం పోరు. చివరికి సింగమ్మే తన గ్రంథాన్ని దొంగిలిస్తోందనీ, ఆ గోడ పడగొట్టించాలనీ భట్టు రాజుకు ఫిర్యాదు చేశాడు.

సభలో సింగమ్మ తడబడలేదు. "ప్రభూ, ఆయన గ్రంథంలో దగ్గు మందు చదివించండి."

భట్టు ధీమాగా తాటాకు అందించాడు. రాజే చదివాడు: "దగ్గుకు మందు. దీని మీద చెంబెడు నీళ్ళు చల్లి చదువుకోండి."

నీళ్ళు చల్లించాడు. తాటాకు తడిసింది, అంతే.

"నెల రోజులుగా ఆ ఒక్క ముక్కే సున్నంతో రాసి, అసలు మందు గోడ మీదే కంటికి ఆనని మైనంతో రాస్తున్నాను ప్రభూ. నీళ్ళు పడితే మట్టి నల్లబడుతుంది, మైనం అక్షరాలు తడవక తేలతాయి. దగ్గేవాడు చెప్పినట్టు నీళ్ళు చల్లుతాడు. ఎత్తిరాసేవాడు ఆ మాట కూడా ఎత్తిరాసుకుని పోతాడు."

"భట్టుగారూ, మీ గ్రంథం మీరెప్పుడూ చదవలేదా?" అన్నాడు రాజు.

భట్టు లేఖకుల వైపు చూశాడు. వాళ్ళు ఆ ప్రశ్న కూడా రాసుకుంటున్నారు.

"గోడ ఉంటుంది," అన్నాడు రాజు. "భట్టుగారికి వైద్యం కావాలంటే అందరితోపాటు చెంబు పట్టుకుని నిలబడాలి."