పెద్దాకు దాచిన గాయం

అనగనగా ఒక అడవి. అక్కడి పులుల గురించి మీకు అందరూ చెబుతారు. నేను మాత్రం వాగు గట్టున పెరిగిన ఒక అడవి వంగ మొక్క గురించి చెబుతాను.

ఆ మొక్కకు అన్నిటికంటే కింద ఒక పెద్దాకు ఉండేది. చిటారు కొమ్మన మొట్టమొదటి మొగ్గ తొడిగింది. ఆ మొగ్గంటే పెద్దాకుకు ప్రాణం.

ఒక పొద్దున గొంగళిపురుగు ఒకటి పాక్కుంటూ వచ్చింది. అది ఉత్త తిండిపోతు, కానీ మాటలు మాత్రం వెన్నపూస.

"పెద్దమ్మా, అంచు ఒక్కటే కొరుక్కుంటాను. పైవాళ్లకు చెప్పకు. పాపం, మొగ్గ బెదిరిపోతుంది" అంది.

పెద్దాకు నమ్మేసింది. పిల్లలూ, ఆకంటే వేల వేల చిన్న గదులు. వాటినే కణాలంటారు. ఒక గది గోడ పగిలితే లోపలి రసం బయటికి కారుతుంది. అది తగలగానే పక్క గదికి దెబ్బ సంగతి తెలిసిపోతుంది. పురుగు కొరికిన చోట పెద్దాకు తన గాయాన్ని గట్టిగా ముడుచుకుని, రసం చుక్క కూడా కారనివ్వలేదు. నొప్పిని పంటి బిగువున ఓర్చుకుంది. ఆకుకు పళ్లెక్కడివని అడక్కండి, ఓర్చుకుందంతే.

మొదటి రోజు అంచు పోయింది. రెండో రోజు సగం ఆకు పోయింది. మూడో రోజు పురుగు పైకి చూసి, లొట్టలు వేస్తూ, ఇక మొగ్గ సంగతి చూస్తానంది.

పెద్దాకుకు ఒళ్లు మండింది. "నా నొప్పి దాచి నీకే దారి ఇచ్చాను. ఇక దాచను" అని గాయాన్ని విప్పేసింది.

రసం కారింది. పక్క గది తలుపులు తెరుచుకోగానే, కంటికి కనపడని కాల్షియం రేణువులు లోపలికి దూకాయి. ఆ గది తన పక్క గదికి చెప్పింది. అది దాని పక్కదానికి చెప్పింది. నాలుగు నిమిషాల్లో కబురు చిటారు కొమ్మకు చేరింది. ఆకులన్నీ కలిసి, పురుగు కడుపులో తిండి అరగనివ్వని మందు తయారుచేశాయి.

సాయంత్రానికి పురుగు మొగ్గ వైపు ఎక్కసాగింది. దారిలో ఒక ఆకు కొరికితే చేదు. ఇంకొకటి కొరికితే కడుపునొప్పి. మూడోది కొరకబోయేసరికి, గాయపడిన ఆకుల వాసన పసిగట్టి, పురుగులను వేటాడే కందిరీగ ఒకటి ఝుమ్మని వచ్చింది. పురుగు పట్టు వదిలేసి దబ్బున కిందపడింది. బతుకుజీవుడా అని పారిపోయి, మళ్లీ ఆ గట్టు వైపు రాలేదు.

తెల్లవారేసరికి మొగ్గ విచ్చుకుని ఊదారంగు పువ్వయింది. మొక్కంతా పండగ చేసుకుంది.

పువ్వు కిందికి వంగి, "అవ్వా, ఈసారి ముల్లు గుచ్చుకున్నా చెప్పు. మేమంతా ఉన్నాం" అంది.

సగమే మిగిలిన పెద్దాకు, ఆ రోజంతా గర్వంగా గాలికి ఊగుతూనే ఉంది.

నీతి: తగిలిన దెబ్బను దాచుకుంటే కొట్టినవాడికి బలం. మనవాళ్లకు చెబితే మనందరికీ బలం.