ఒక్కపొయ్యి గుట్ట

పైడిరాళ్లపల్లె దాటి వంక వెంబడి పడమరకు నడిస్తే ఒక చిన్న గుట్ట వస్తుంది. పైన పీరుస్వామి దర్గా, దాని ముందర మసిబారిన మూడు రాళ్ల పొయ్యి ఉన్నాయి. ఆ పొయ్యి వల్లనే గుట్టకు ఈ పేరు వచ్చింది.

పూర్వం ఇక్కడ వంకకు చెరో గట్టున ఖాసీమయ్య, హుస్సేనప్ప అనే అన్నదమ్ములు ఉండేవారు. తల్లి పోయాక వారిని సాకినది అక్క మాలన్‌బీ. పెద్దవాడు గణితం నేర్చినవాడు, నెలవంక ఏ సాయంత్రం పొడిచేదీ ముందే లెక్కగట్టేవాడు. చిన్నవాడు కంటితో చూస్తే తప్ప పండుగ లేదనేవాడు. ఒక ఏడు రంజాన్ చివర మబ్బు పట్టింది. అన్న పండుగ చేశాడు, తమ్ముడు ఉపవాసం ఉన్నాడు. అక్క తెచ్చిన సేమ్యా గిన్నెను తమ్ముడు గడపలోంచే తిప్పి పంపాడు. మరునాడు తమ్ముడి పండుగకు అన్న రాలేదు. ఏడాది పొడుగునా ఇద్దరికీ మాటల్లేవు.

మరుసటి రంజాన్‌కు ఎవరి పండుగ రోజున వారికి వండిపెట్టమని ఇద్దరూ వేర్వేరుగా కబురు పెట్టారు. మాలన్‌బీకి ఒళ్లు మండింది. ఇరవైతొమ్మిదో ఉపవాసం నాటి మధ్యాహ్నం కునుకులో పీరుస్వామి కనిపిస్తే ఆయన మీదే విరుచుకుపడింది. ఆయన అంతా విని, పాలకుండ గుట్ట మీదికి తెమ్మని మాత్రం చెప్పాడు. ఈ వయసులో నాచేత కుండ మోయించడమేనా ఉపాయమని గొణుక్కుంటూనే ఆమె గుట్టెక్కి, మూడు రాళ్లు పేర్చి, తమ్ముళ్లను పిలిపించింది.

"ఖాసీమూ, నెలవంక ఎక్కడ పొడుస్తుందో నువ్వు చూపించు. హుస్సేనూ, నువ్వు అక్కడే చూడు. ఇద్దరిదీ ఒక మాటయ్యేదాకా నేను పొయ్యి అంటించను," అంది.

అన్న వేలు చూపిన చోట తమ్ముడు రెప్ప వేయకుండా చూశాడు. మబ్బు విడలేదు. లెక్క తప్పదని ఒకరు, కనబడలేదని ఒకరు మళ్లీ మొదలుపెట్టారు. విసిగిపోయిన అక్క కుండ నెత్తికెత్తుకుని దిగబోయింది. ఆమె రెండడుగులకే ఆగిపోవడం చూసి ఖాసీమయ్య కుండ అందుకున్నాడు.

"నా లెక్క తప్పలేదక్కా. అయినా రేపు కూడా ఉపవాసం ఉంటాను," అన్నాడు.

మరునాటి సాయంత్రం చంద్రుడు లావుగా, ఎత్తుగా కనిపించాడు. హుస్సేనప్ప చాలాసేపు చూసి, "అన్నా, ఇది నిన్న పొడిచినదే," అని ఒప్పుకున్నాడు. ఖాసీమయ్య ఏదో అనబోయాడు.

"నోరు మూసుకుని పుల్లలు ఎగదొయ్యి," అంది మాలన్‌బీ.

నేటికీ వంక రెండు గట్ల పల్లెలవారూ నెలవంక కోసం ఈ గుట్టే ఎక్కుతారు. లెక్క తెలిసినవారు చోటు చూపిస్తారు, చూపు బాగున్నవారు చూస్తారు, మబ్బు పడితే ముప్పై ఉపవాసాలూ నిండిస్తారు. వాదన మాత్రం ఏ ఏడూ తప్పదు, పాలు పట్టుకుని నిలబడ్డ ఆడవాళ్లు కసురుతూనే ఉంటారు. మాటల్లేని తోబుట్టువులు ఈ పొయ్యి మీది సేమ్యాను ఒకే గిన్నెలో తింటే పీరుస్వామి వారిని కలుపుతాడని భక్తుల నమ్మకం.